తెల్లమోదుగు కింద చెప్పే తప్పు

నల్లమల అంచున, పూలగట్టమ్మ కొలువైన కొండ మీద ఫాల్గుణమాసంలో ఎటుచూసినా మోదుగులు ఎర్రగా పూస్తాయి. గుడి మెట్ల పక్కనున్న ఒక్క చెట్టు మాత్రం తెల్లగా పూస్తుంది. రంగు వెలిసిందనుకుని జాలిపడే భక్తులు దాని కథ వినాలి.

పూర్వం ఇక్కడ ఓబులయ్య అనే అద్దకందారు ఉండేవాడు. ఏటా ఫాల్గుణ పున్నమికి అమ్మవారి చీరకు మోదుగుపూల రంగు వేసే హక్కు అతని ఇంటిది. పూలు కోసి తెచ్చేది చెంచుల ఈదమ్మ. ఒక ఏడు ఓ పాలెగాడి ఇంట పెళ్లి వచ్చింది. ఓబులయ్యకు ఆశ పుట్టి, మొదటి కాగు రంగంతా పెళ్లిబట్టలకు పోశాడు. మిగిలిన పిప్పినే మళ్లీ కాచి, సున్నపుతేట ఎక్కువ కలిపి పైకి ఎరుపు తేల్చి, అమ్మవారి చీర ముంచాడు. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాడు.

పున్నమినాడు అభిషేకం మొదటి చెంబుకే రంగంతా కారిపోయింది. చీర పాతగుడ్డలా మిగిలింది. జనమంతా ఓబులయ్య వైపు చూశారు.

"పువ్వులోనే రంగు లేదు. ఈదమ్మ రాలినవి ఏరుకొచ్చింది" అనేశాడు.

మెట్ల పక్కన నిలబడ్డ ఈదమ్మ, "కొమ్మ మీది పువ్వే కోసినా సామీ. కింద పడింది ముట్టలే" అంది. పెద్దలు వినలేదు. ఆమె ఇంటివారు కొండ ఎక్కరాదని తీర్పు చెప్పారు. ఓబులయ్య తల వంచుకుని ఇంటికి పోయాడు.

మరుసటి ఏడు కొండంతా మోదుగులు తెల్లగా పూశాయి. ఎంత కాచినా కాగులో నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం పొయ్యి దగ్గరే ఓబులయ్యకు కునుకు పట్టగా అమ్మవారు కలలో కనిపించి, "పువ్వులో రంగు లేదన్నావు కదా, నీ మాటే నిలబెట్టాను. అబద్ధం ఎక్కడ చెప్పావో నిజమూ అక్కడే చెప్పు" అన్నది.

మూడు రోజులు అతను గుడి వైపు వెళ్లలేదు. ఊళ్లో ఎవరు నవ్వినా తనను చూసే అనుకుని సిగ్గుతో కుంగిపోయాడు. నాలుగోనాడు గూడేనికి వెళ్లి ఈదమ్మను వెంటబెట్టుకుని, అందరినీ పిలిచి, మెట్ల పక్కనే నిలబడ్డాడు.

"మొదటి రంగు పెళ్లివారికి అమ్ముకున్నాను. అమ్మకు పిప్పి కాచి పోశాను. ఈమె తెచ్చిన పూలు మంచివే."

"ఏడాది నా బిడ్డలు అమ్మ మొకం చూడలే. అది గూడా చెప్పయ్యా" అంది ఈదమ్మ.

ఓబులయ్య వెక్కుతూ అదీ చెప్పాడు. మరునాటికి కొండ తిరిగి ఎర్రబడింది, ఈదమ్మ నిలబడ్డ చోటి చెట్టు తప్ప.

నేటికీ పున్నమికి ముందు అద్దకంవారి పెద్ద ఆ చెట్టు కింద ఈ తప్పంతా తన నోటితోనే చెప్పాలి. ఈదమ్మ వంశంవారు "చాలు" అన్నాకే పూలబుట్ట చేతికిస్తారు. ఆ మాట వాళ్లు ఏ ఏడూ తొందరపడి అన్నది లేదు.

తమ తప్పు ఇతరుల మీద వేసినవారు ఇక్కడ ఒప్పుకుంటే మనసుకు నెమ్మది కలుగుతుందని భక్తుల నమ్మకం. ఒంటరిగా వచ్చినవారికి దర్శనం ఉంది, ప్రసాదమూ ఉంది. నింద మోసిన మనిషిని వెంట తీసుకురానిదే మొక్కు మాత్రం చెల్లదు.