వదులుగా కట్టిన దారం

ఒక గాజుతొట్టిలో ఒక ఎర్ర చేప ఉండేది. దానికి తలదాచుకునే నీడ లేదు. వెలుతురు పడితే చాలు, మూలకి ఒదిగిపోయేది. మేత వేసినా వచ్చేది కాదు.

తొట్టి గల ఆవిడ చేపకు తోడుగా రెండు మొక్కలు తెచ్చింది. ఒకటి సన్నటి పొడుగాటి గడ్డి. రెండోది వెడల్పాటి ఆకుల మొక్క, దాని అడుగున వేలంత లావు కాడ. రెండింటినీ ఇసకలో పెట్టి, వంగనారు నాటినట్టే బొటనవేలితో అదిమింది. నీడనిచ్చేది ఆకుల మొక్కే గనక, దాన్ని ఇంకాస్త లోతుగా అదిమింది.

గడ్డి వారానికే పాతుకుంది. ఆకుల మొక్క పసుపుబారింది.

"ఏం వదినా, ఇంత మెత్తటి పక్క వేస్తే నిద్ర పట్టట్లేదా?" అంది గడ్డి.

"పక్క బాగానే ఉంది. ముక్కు మీదదాకా దుప్పటి కప్పేసింది."

ఆకులు రాలాయి. చేప మూలనే ఉంది, సగానికి సగం చిక్కిపోయింది. ఆవిడ మొక్కను పీకి, కొన్న చోటికే పట్టుకెళ్లింది.

మొక్కలమ్మే ముసలాయన కాడను నొక్కి చూశాడు. "పాతేశారా అమ్మా?"

"పాతకపోతే ఎలా నిలుస్తుంది?"

"దీన్ని పాతకూడదు. కుళ్లింది కోసేసి, మిగిలింది నూలుదారంతో రాయికి కట్టండి. వదులుగా."

"వదులుగా కడితే తేలిపోదూ?"

"తేలిపోతే మళ్లీ కట్టుకోవచ్చు. కుళ్లిపోతే ఏం కడతారు?"

ఆవిడ ఇంటికొచ్చి దారంతో కాడను రాయికి రెండు చుట్లు చుట్టింది. రోజూ లేస్తూనే ముందు దారం ఉందో లేదో చూసుకునేది.

ఒక కొత్త ఆకు విప్పారింది. తర్వాత ఇంకొకటి. చేప వచ్చి వాటి కింద చేరింది, మేత తిని మళ్లీ అక్కడికే పోయేది. ఆవిడ దారం సంగతే మరిచిపోయింది.

"వదినా, నీ దారమేదీ?" అంది గడ్డి ఒకరోజు.

"పీచుపీచై పోయి చాన్నాళ్లయింది."

"మరి చెప్పలేదే?"

"చెబితే మళ్లీ కడుతుంది."

ఆ సాయంత్రం దారం లేకపోవడం ఆవిడా చూసింది. గబగబా దారపుండ తెచ్చి, మొక్కను పట్టుకుని మెల్లిగా పైకెత్తింది.

మొక్కతోపాటు రాయి కూడా లేచొచ్చింది.

చెయ్యి నీళ్లలో ఉండగానే ఆవిడ రాయిని చుట్టుకున్న వేళ్లను తడిమి చూసింది. తర్వాత రాయిని కిందికి దించి, విప్పిన దారాన్ని తిరిగి ఉండకి చుట్టుకుంది. రాయి ఇసకను తాకకముందే చేప ఆకుల కిందికి దూరింది.