కార్ల పంక్తి భోజనం

ఊఁ కొట్టేవారు ఊఁ కొట్టండి, నిద్ర వచ్చేవారు పక్కవారి భుజం చూసుకోండి. అనగనగా గుమ్మడిపాడు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంటి గుమ్మం మీద ‘తెలివిగలవారి ఇల్లు’ అని పెద్ద అక్షరాలతో ఒక బోర్డు. చూసేవాళ్ళు పొరపాటున మరోలా అనుకుంటారేమోనని ఇంట్లోవాళ్ళే దాన్ని రాయించుకున్నారు.

ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు కోటిలింగం, నడిమివాడు పానకాలు, చిన్నవాడు నాగభూషణం. చెప్పినమాటను చెప్పినట్టు చేయడమే తెలివి అని వాళ్ళ గట్టి నమ్మకం. ఒకసారి తల్లి పాలు పొయ్యి మీద పెట్టి, పొంగుతాయేమో చూస్తూ ఉండమని చెప్పి వెళ్ళింది. ముగ్గురూ పీటలు వేసుకుని కూర్చున్నారు. పాలు పొంగాయి, పొయ్యి ఆరింది, గిన్నె ఖాళీ అయింది. వీళ్ళు రెప్ప వాల్చకుండా చూశారు. ఇంకేముంది, ఆ ఘనతకు గుర్తుగా బోర్డుకు కొత్త రంగు వేయించారు.

వాళ్ళకు ఒక్కగానొక్క చెల్లెలు ఇందుమతి. కాపురం దూరాన రేవులపాలెంలో. తొలిచూలు. పురిటికి పుట్టింటికి తీసుకురావాలి. అత్తగారు ఖచ్చితమైన మనిషి. కుదుపుల బస్సులో కోడలిని పంపననీ, మెత్తగా నడిచే కారు తెచ్చి నెలలు నిండకముందే తీసుకెళ్ళాలనీ, లేకుంటే పురుడు తమ ఇంట్లోనేననీ కబురు పంపింది. తల్లికి ఆ కబురు విన్నప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. కూతురి పురుడు తన చేతుల మీదే జరగాలన్నది ఆమె ఆశ. అన్నలు వెంటనే ఒక కరెంటు కారు కొన్నారు. తీరా చూస్తే, ఇంట్లో రాత్రంతా చార్జి పెట్టినా అది రేవులపాలెం దాకా పోదు. దారిలో మళ్ళీ చార్జి పెట్టే చోటు లేదు.

సరిగ్గా అప్పుడే ఒక కంపెనీవారు ఆ రోడ్డు పొడవునా కార్లకు చిటికెలో కరెంటు ఎక్కించే స్టేషన్లు కట్టాలని సంకల్పించారు. మొదటిదాన్ని కట్టించేందుకు ఈ చుట్టుపక్కల తెలివిగలవాళ్ళెవరని అడిగారు. బోర్డు ఉన్న ఇల్లు ఒక్కటే గదా. అంతే, పని వీళ్ళకు దక్కింది.

కంపెనీ ఇంజనీరు ప్రసూన డీజిలు జీపులో వచ్చింది. కరెంటు కార్ల కంపెనీ మనిషి డీజిలు బండిలో రావడమేమని అడగకండి. ఆ దారిలో ఇంకా స్టేషన్లు లేవు. ఒకసారి నింపిన కారు ఎక్కడిదాకా వెళ్ళి ఆగిపోతుందో అక్కడ స్టేషను కావాలని ఆమె చెప్పి వెళ్ళింది.

అన్నదమ్ములు కారు నింపి బయలుదేరారు. అది పోయి పోయి వాగు మీది చప్టా నడిమధ్య ఆగింది. ముగ్గురూ దిగి దానికి దండం పెట్టారు. మేస్త్రి గడ్డం గోక్కుని, ఒడ్డున కడదామా బాబూ అన్నాడు. కారు ఒడ్డున ఆగిందా అని పానకాలు అతని నోరు మూయించాడు. చప్టా పగలగొట్టి అక్కడే స్తంభం నిలబెట్టారు. తొలి వానకు వాగు వచ్చింది. స్టేషను మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. కార్లకు కాళ్ళు కడిగే శ్రమ తప్పిందని నాగభూషణం మురిసిపోయాడు.

ప్రసూన వచ్చి తల పట్టుకుంది. స్తంభాన్ని ఒడ్డుకు మార్పించింది, పందిరి వేయించింది, బల్లలు, మంచినీళ్ళు, మజ్జిగ పెట్టించింది. పోతూ పోతూ, వచ్చిన కార్లను ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకోండి అంది. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

చుట్టాలకు చేసే మర్యాద వాళ్ళకు తెలియనిదా? కారు రాగానే నాలుగు చక్రాలకూ నీళ్ళిచ్చారు. వరసగా నిలబెట్టారు. పంక్తి నిండేదాకా ఎవరికీ కరెంటు వడ్డించలేదు. వడ్డించాక, చివరివారు ముగించేదాకా ఎవరినీ లేవనివ్వలేదు. ముందు కార్లు నిండి కూర్చున్నాయి. చివరి కారు ఇంకా సగంలో ఉండగానే దాని పక్కన మరొకటి వచ్చి చేరింది. దాని తర్వాత ఇంకొకటి. ఒక వకీలుగారు కోర్టుకు వేళ మించిపోతోందని మండిపడ్డారు.

"మీరు చదువుకున్నవారు," అన్నాడు కోటిలింగం నెమ్మదిగా. "పక్కవాళ్ళు తింటూ ఉంటే మీరు విస్తరి ముందు నుంచి లేస్తారా?"

వకీలుగారు వెళ్ళి పందిట్లో బల్ల మీద కూర్చుని మజ్జిగ పుచ్చుకున్నారు.

ప్రసూన మళ్ళీ పరుగున వచ్చింది. ఎనభై శాతం దాకా కరెంటు చకచకా ఎక్కుతుందనీ, చివరి ఇరవై నత్తనడకనీ ఓపికగా వివరించింది. ఎనభై కాగానే తీగ తీసేయాలి, ఆపైన కారు అక్కడ ఒక్క నిమిషం ఉండకూడదు. ఇది అందరికీ వర్తిస్తుంది, మీకూ వర్తిస్తుంది అని నొక్కి మరీ చెప్పింది.

ఆమె వెళ్ళాక అన్నదమ్ములు ఆలోచనలో పడ్డారు.

"చివరి ఇరవై నెమ్మది అయితే, ఆ పీడ ముందే వదిలించుకుంటే సరి," అన్నాడు నాగభూషణం.

"ఎలాగురా?" అన్నాడు కోటిలింగం.

"కారును వెనక్కి తిప్పి నిలబెడదాం అన్నయ్యా. అప్పుడు చివర ముందుకు వస్తుంది."

అంతే, కార్లన్నీ తోక ముందుకు పెట్టి నిలబడ్డాయి. చివర ముందుకు రాలేదు గాని, తీగ అందక సగం రోజు పోయింది. మళ్ళీ తిప్పారు. ఈసారి ఎనభై కనబడగానే తీగ పీకి కారును రోడ్డు మీదికి నెట్టేశారు. లోపల మనిషి ఉన్నాడా, పందిట్లో మజ్జిగ తాగుతున్నాడా అన్నది కంపెనీవారు చెప్పలేదు గనుక చూడలేదు. పాపం వకీలుగారే ఆ వేళ కూడా గ్లాసు చేత్తో పట్టుకుని తన కారు వెంట పరుగెత్తారు.

ఇంతలో ఇందుమతికి నెలలు నిండే రోజులు దగ్గరపడ్డాయి. అన్నలు అర్ధరాత్రే బయలుదేరారు. తెల్లవారుజామున స్టేషనులో చుట్టాలెవరూ లేరు గనుక కారును ఎనభై దాకా నింపుకుని, రేవులపాలెం వెళ్ళి చెల్లెలిని ఎక్కించుకున్నారు. తిరిగి స్టేషను చేరేసరికి పొద్దెక్కింది, కారు మళ్ళీ నీరసించింది. ఇందుమతికి నడుము సన్నగా లాగడం మొదలైంది.

స్టేషనులో కార్లు బారులు తీరి ఉన్నాయి. కోటిలింగం తమ కారును అన్నిటి వెనకా పెట్టాడు. ఇంకొక కారు వస్తే దానికి చోటిచ్చి మళ్ళీ వెనక్కి జరిగాడు. ఇంకొకటి. మళ్ళీ జరిగాడు.

"ఎందుకు అన్నయ్యా వెనక్కి పోతున్నావు?" అంది ఇందుమతి పళ్ళ బిగువున.

"మనం ఇంటివాళ్ళం అమ్మా. చుట్టాలందరూ తిన్నాకే గదా ఇంటివాళ్ళు తినాలి."

"నాకు నొప్పులు వస్తున్నాయి. పుట్టింటికి వచ్చే ఆడపిల్లను, నేను చుట్టాన్ని కానా?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. చెల్లెలి మాటలో న్యాయం ఉంది. వెంటనే ఆమెను కారులోంచి దింపి, కాళ్ళకు నీళ్ళిచ్చి, పందిట్లో బల్ల మీద కూర్చోబెట్టి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చారు. చెల్లెలు చుట్టం. కారు మాత్రం ఇంటిదే గనుక అది వెనకే నిలబడింది.

చివరికి ఎలాగో చుట్టాల రాక తెరిపి ఇచ్చింది. కారుకు తీగ తగిలించారు. ముగ్గురూ లోపల కూర్చుని అంకెలు చూస్తున్నారు. ఎనభై కనబడింది. ఇంకేముంది, నాగభూషణం దూకి తీగ పీకాడు, కోటిలింగం కారు దౌడు తీయించాడు. పందిట్లో ఇందుమతి మజ్జిగ గ్లాసు పట్టుకుని దుమ్ము వంక చూస్తూ ఉండిపోయింది.

నూటికి నూరు ఉంటేనే ఇంటికీ స్టేషనుకూ మధ్య దూరం సరిపోయే కారు అది. ఎనభైతో బయలుదేరితే ఏమవుతుంది? తిరుగు దారి కాస్త పల్లం గనుక గుమ్మడిపాడు పొలిమేర దాకా వచ్చి, చింతతోపు దగ్గర ఆగిపోయింది. కారు ఎక్కడ ఆగితే అక్కడ స్టేషను కావాలని ఇంజనీరమ్మే చెప్పింది గదా. అన్నదమ్ములు రోడ్డుకు అడ్డంగా దుంగ పడేసి, పక్క పొలంలోంచి గునపాలు తెచ్చి తవ్వకం మొదలుపెట్టారు.

కాసేపటికి డీజిలు జీపు వచ్చింది. తనిఖీకి స్టేషనుకు వచ్చిన ప్రసూన, ఇందుమతిని వెనక పడుకోబెట్టుకుని వస్తోంది. పానకాలు చేతులు జోడించి ఎదురొచ్చాడు. చుట్టాలు కరెంటు ముట్టకుండా వెళ్ళరాదనీ, స్తంభం లేచేదాకా దయచేసి నీడన కూర్చోవాలనీ వేడుకున్నాడు. ప్రసూన తిట్టింది. ఇది డీజిలు బండిరా మహానుభావా అని మొత్తుకుంది. తిట్లకు వాళ్ళు ఏనాడు కదిలారు గనుక?

ఇందుమతి మోచేతి మీద లేచింది. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో పెరిగిన మనిషి.

"అన్నయ్యా, మాకు ఎనభై దాటిపోయింది," అంది.

అంతే. ఆ మాట అన్నదెవరో కూడా చూడకుండా ముగ్గురూ హడలిపోయి దుంగ లాగేసి, జీపును వెనక నుంచి నెట్టి మరీ సాగనంపారు.

పొద్దు వాలకముందే తల్లి చేతుల్లో ఆడపిల్ల కేరుమంది. తల్లి ఆనందం పట్టలేక, మేనకోడలిని చూసుకోండిరా అని పొలిమేరకు కబురంపింది. కబురు తెచ్చిన పక్కింటి పేరిందేవిని చూసి కోటిలింగం జాలిగా నవ్వాడు.

"ఎవరో మిమ్మల్ని ఆటపట్టించారు పిన్నీ. మా చెల్లెలిని మేమే తీసుకొస్తున్నాం. వెనక సీట్లో ఉంది, గట్టిగా మాట్లాడకండి."

నాగభూషణం చప్పుడు కాకుండా తలుపు తీసి, ఖాళీ సీటు మీద ఎండ పడకుండా గొడుగు పట్టాడు.

ఈ కథను నాకు మొట్టమొదట చెప్పినది మా అమ్మమ్మ వర్ధనమ్మ.