దళవాయిగారి కుర్చీ

జాతరలో జనం చూడ్డానికి ఫిరంగి పేల్చాలి. ఫిరంగి పేల్చే ఓబులమ్మ గంపెడు తుపాకిమందు పొట్లాలు కట్టింది. ముందురోజు మూడు పేల్చి చూస్తే, గుండ్లు మూడూ ఒకే గుంతలో పడ్డాయి.

"చూశారా నా గురి! జనాన్ని ఆ గుంత పక్కనే కూర్చోబెట్టండి" అన్నాడు, ఫిరంగిని ఏనాడూ ముట్టుకోని దళవాయి రుద్రప్ప మీసం దువ్వుతూ.

ఓబులమ్మ గంప చూపించింది. "పేలినవాటితో భయమేముంది దొరా? భయమంతా గంపలో ఉన్నవాటితోనే. చేత్తో కట్టినవి, అన్నీ ఒక్కలా పేలతాయా?"

"మూడూ ఒకటైతే అన్నీ ఒకటే! నోర్ముయ్!"

"సరే దొరా. దొరగారి కుర్చీ గుంత పక్కన వెయ్యండ్రా, నాలుగోది అంటిస్తాను."

రుద్రప్ప కుర్చీ కాస్త వెనక్కి జరిపించాడు. ఇంకాస్త జరిపించాడు. ఆముదం చేను దాటాక గానీ కూర్చోలేదు.

ఓబులమ్మ కేకేసింది. "ఆ కుర్చీ దగ్గర తాడు కట్టండ్రా! జనం దాని వెనకే కూర్చోవాలి!"