ఎర్రన్న కుమ్మబోయే ముందు

వేరుశనగ కోత అయిపోయిన చేలో గొర్రెల మంద దిగింది. మా వైపు ఇది మామూలే. కోతలయ్యాక రైతులు మందను పిలిపించి చేలో కట్టించుకుంటారు. చేనుకు ఎరువు, మందకు మేత. ఒక చేను అయ్యాక ఇంకో చేను. చుట్టూ ముళ్లకంప కంచె, లోపల ఒకరి మీద ఒకరు పడుకోవాల్సినంత ఇరుకు. ఆ ఇరుకులో బోలెడు గొర్రెలు, కాసిని మేకలు, వాటన్నిటికన్నా ఎక్కువగా మాటలు.

ఆ మాటలన్నీ ఈమధ్య బొల్లమ్మ కొడుకు గురించే. బొల్లమ్మ తెల్లమచ్చల మేక, నోట్లో నాలుక లేనట్టుంటుంది. కొడుకు ఎర్రన్నకేమో ఒక్కచోట కాలు నిలవదు. నీళ్లతొట్టి దగ్గర కుమ్ముతాడు, పడుకోబెడితే లేచి కుమ్ముతాడు, పాలు తాగుతూ తల్లినే కుమ్ముతాడు. నిన్న ఒక గొర్రెపిల్లను కుమ్మితే అది ఇవాళ్టికీ కుంటుతోంది.

పొద్దున్నే మంద పెద్ద మల్లప్ప పొట్టేలు బొల్లమ్మను పిలిచాడు. ఆయనకు వయసు మీదపడిందే గాని కోపం తగ్గలేదు.

"సాయంత్రం మంద కాలవ అవతలి చేనుకి మారుతోంది. ఈలోగా నీ కొడుకు ఇంకొకర్ని కుమ్మాడంటే, అక్కడ కంచె లోపల మీకు చోటు లేదు."

"బయట తోడేళ్లు తిరుగుతున్నాయి పెద్దయ్యా."

"తెలుసు. ఆ కుంటిపిల్ల తల్లికి నేనేం చెప్పాలో నువ్వే చెప్పు."

ఏం చెబుతుంది పాపం. చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకున్నారా? "రెండు తగిలించు, వాడే దారికొస్తాడు" అంది ఒకతి. తగిలించింది, ఇంకా రెచ్చిపోయాడు. "నువ్వే గారాబం చేసి చెడగొట్టావు" అంది ఇంకొకతి. అదీ నిజమేనేమోనని ఎన్ని రాత్రులు మేలుకుని ఉందో ఆమెకే తెలుసు.

పక్కన పడుకునే సన్నమ్మ గొర్రె మాత్రం చెవిలో చెప్పింది. "కాలవగట్టున కొంగ డాక్టరమ్మ ఉంది. పిల్లల తీరు చూస్తుందట. మా అక్క పిల్లకు ఆవిడే నయం చేసింది."

"మావాడికి జబ్బేం లేదే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పిచ్చోడంటారు."

"ఇప్పుడేమంటున్నారు మరి?"

బొల్లమ్మ కొడుకుని ముందు నడిపించుకుంటూ, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి చూసుకుంటూ కాలవగట్టుకు వెళ్లింది.

డాక్టరమ్మ ముందు పిల్లాణ్ణే పలకరించింది. "ఏం పేరు నాయనా?" వాడు పేరు చెప్పకుండా పక్కనున్న రాయిని కుమ్మాడు. ఆవిడ తల్లివైపు తిరిగింది.

"కుమ్మబోయే ముందు ఏమవుతుందమ్మా?"

"ఏమవుతుంది డాక్టరమ్మా, కుమ్ముతాడు."

"దానికి ముందు?"

"బాగానే ఉంటాడు. ఉన్నట్టుండి కుమ్ముతాడు."

"చెవులెలా పెడతాడు? కాళ్లెలా ఉంటాయి? ఎవరు దగ్గరికొస్తారు, ఎటు నుంచి వస్తారు?"

ఒక్కదానికీ జవాబు తెలియదు. కన్నతల్లినై ఉండి నాకు తెలియదే అని బొల్లమ్మకు సిగ్గేసింది, ఆ సిగ్గుకి ఒళ్లు మండింది. ఇంతలో డాక్టరమ్మ ఒక కాలు పైకి ముడుచుకుని, కదలకుండా మెదలకుండా ఎర్రన్నను చూస్తూ నిలబడింది. ఎంతసేపటికీ చూడటమే. ఇదంతా కొంగజపం, మనల్ని మోసం చేస్తోందనుకుంది బొల్లమ్మ.

చివరికి ఆవిడ కాలు దించింది. "నాకింకా తెలియలేదు. కుమ్మే ముందు ఏం జరుగుతోందో నువ్వు గమనించు. సాయంత్రం మళ్లీ తీసుకురా. నువ్వు పక్కనుండాలి, తల్లి లేకుండా నేను చూడను."

"బాగవుతాడా?"

"ఇప్పుడే మాటివ్వలేనమ్మా. టైం పడుతుంది."

టైమే లేదు కదా బొల్లమ్మకు. సాయంత్రమే గడువు. కళ్లనీళ్లు పెట్టుకుని తిరిగొస్తుంటే ఆముదం చేను మలుపులో గురవయ్య ఎదురయ్యాడు. గురవయ్య నక్క. మెడలో తులసి పూసలు, మాంసం ముట్టి ఏడాదైందని అందరికీ చెప్పుకుంటాడు.

"కొంగ దగ్గరికెళ్లావా చెల్లెమ్మా? అడిగిందే అడిగి చంపుంటుందే. నా దగ్గర ప్రశ్నల్లేవు. ఇంతకన్నా మొండి ఘటాల్ని పూట తిరక్కుండా దారిలో పెట్టాను."

"మావాడు బాగవుతాడా?"

"పూచీ నాది. పొద్దు వాలేలోగా గొర్రెపిల్లలా అప్పగిస్తాను."

"ఏం చేస్తారండీ?"

"అది మా విద్య. ఇదిగో, ఈ గట్టు మీద వదిలేసి వెళ్లిపో. వెనక్కి తిరిగి చూశావో, తల్లి చూపు తగిలి అంతా పాడవుతుంది. మందలో ఎవరికీ చెప్పకు, నీకే పరువు తక్కువ."

నక్కను నమ్మే మేకలుంటాయా అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. నిద్ర లేని తల్లికి బాగవుతాడన్న ఒక్క మాట చాలు, అది ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసే ఓపిక ఉండదు.

ఎర్రన్నను గట్టు మీద నిలబెట్టి, "ఇక్కడే ఉండు నాన్నా" అని చెప్పి నడిచింది. నడుస్తున్నంతసేపూ కాళ్లు వెనక్కే లాగుతున్నాయి. చెవులెలా పెడతాడు? కాళ్లెలా ఉంటాయి? కొంగ మీద కోపమున్నా ఆవిడ అడిగిన మాటలు వదల్లేదు. ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

ఎర్రన్న చెవులు తలకు అంటుకుపోయి ఉన్నాయి. వెనక కాళ్లు వణుకుతున్నాయి. గురవయ్య చప్పుడు చేయకుండా వాడి వెనక నుంచి వస్తున్నాడు, నాలుకతో మూతి తడుపుకుంటూ.

తొట్టి దగ్గర అందరూ వెనక నుంచే తోసుకుంటూ వస్తారు. పడుకున్నప్పుడు వెనక నుంచే ఒరుగుతారు. పాలిచ్చేటప్పుడు తను కూడా వెనక నుంచే నాకుతుంది. వీడిది పొగరు కాదు, వీడు భయపడుతున్నాడు. ఇన్నాళ్లూ భయపడుతున్న బిడ్డను కొట్టానా అనుకుంది బొల్లమ్మ.

"ఎర్రన్నా, అమ్మనురా, వస్తున్నా" అని అరుస్తూ పరిగెత్తింది.

ఈలోపే గురవయ్య పంజా పిల్లాడి మెడ మీద పడింది. ఎర్రన్న గిర్రున తిరిగి, కళ్లు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి డొక్కలో కుమ్మాడు. గురవయ్య గట్టు మీద నుంచి దొర్లి కింద బ్రహ్మజెముడు పొదలో పడ్డాడు. తులసి పూసలు తెగి నాలుగు పక్కలకూ పోయాయి.

"వెనక నుంచి పట్టుకుంటే కుమ్ముతాడని ముందే చెప్పొద్దా?" అని మూలిగాడు ముళ్లలోంచి.

"మీరు అడగలేదు కదండీ" అంది బొల్లమ్మ.

కొడుకుని తీసుకుని తిన్నగా కాలవగట్టుకే వెళ్లింది. జరిగిందంతా దాచకుండా చెప్పి, నక్క దగ్గర వదిలి వచ్చానని చెప్పేటప్పుడు ఏడ్చేసింది. డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు. "చూడాల్సింది చూశావు. ఇక పని మొదలెడదాం. వాడి దగ్గరికొచ్చే ముందు ఎవరైనా సరే పేరు పెట్టి పిలవాలి, ఎదురుగా రావాలి. మంద నడిచేటప్పుడు వాణ్ణి అంచున నడిపించు. నన్ను కలవడం మాత్రం మానొద్దు, ఒక్కరోజులో పోయేది కాదు."

సాయంత్రం మంద కదిలింది. ఎర్రన్నను అంచున నడిపిస్తానని బొల్లమ్మ అడిగితే మల్లప్ప ఒప్పుకోలేదు. "మందలో అందరికీ ఒకటే పద్ధతి" అన్నాడు.

ఎప్పుడూ తలెత్తని బొల్లమ్మ ఆయన దారికి అడ్డం నిలబడింది. "ఆ గొర్రెపిల్ల కుంటుతుంటే నెమ్మదిగా నడవనిస్తున్నారు కదా పెద్దయ్యా. నా పిల్లకు భయం. ఒక్కసారి పేరు పెట్టి పిలిచి, ఎదురుగా రండి. అప్పటికీ కుమ్మితే మేమే వెళ్లిపోతాం."

అందరూ ఆగిపోయారు. మల్లప్ప ఇష్టం లేకుండానే చుట్టూ తిరిగి పిల్లాడి ఎదురుగా వచ్చాడు. "ఎర్రన్నా, నేను మల్లప్ప తాతను. వస్తున్నా."

ఎర్రన్న చెవులు వెనక్కి పోయాయి. కాళ్లు వణికాయి. బొల్లమ్మ చూడలేక కళ్లు మూసుకుంది. ఏ చప్పుడూ వినపడకపోయేసరికి తెరిచింది. వాడింకా వణుకుతూనే ముసలాయన గడ్డం వాసన చూస్తున్నాడు.

"పదండి, చీకటి పడుతోంది" అన్నాడు మల్లప్ప. ఆ మాటలో కోపం లేదు.

బిడ్డ సంగతి ఒక్క ముక్కైనా అడగనివాడి చేతిలో బిడ్డను పెట్టకూడదు.