పూతరేకులు విరిగిన రోజు

అనగనగా గోదారి ఒడ్డున ఓ చిన్న రాజ్యం. దాన్నేలే కుసుమసేన మహారాజు మహా మంచివాడు. ఆ మంచితనమే ఆయన కొంప ముంచింది పిల్లలూ.

ఆ కొలువులో ఓ ఆచారం ఉండేది. మనవి చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు మిఠాయి తేవాలి, రాజుగారు అది నోట్లో వేసుకున్నాకే మాట వినాలి. కాదంటే వాళ్ళ మనసు నొచ్చుకుంటుందట! పొద్దున అరిసె, మధ్యాహ్నం కాజా, సాయంత్రం సున్నుండ. నోటికి ఖాళీ లేదు.

కొన్నేళ్ళకి రాజుగారికి ఒకటే దాహం పట్టుకుంది. మెట్టెక్కితే ఆయాసం. చివరికి మంత్రి మొహం కూడా మసకగా కనబడింది. "ఇంకొన్నాళ్ళకి నా కూతురి మొహమూ కనబడదేమో" అని కన్నీళ్ళు పెట్టుకున్నారు.

వైద్యురాలు శాంభవి నాడి చూస్తుండగా పళ్ళెంలో పూతరేకులు వచ్చాయి. అన్నీ ముక్కలే. మనవులతో వచ్చేవాళ్ళకి వాటిని చుట్టి ఇచ్చే పేరిందేవిని రాజుగారు పిలిపించారు.

"ఏమ్మా, ఇవేం పూతరేకులు?"

"మొన్న బుట్టెడు చుట్టమన్నారు, చుట్టాను. నిన్న గంపెడన్నారు, చుట్టాను. ఇవాళ గదినిండా కావాలన్నారు. రేకు పల్చన ప్రభూ, నిదానంగా మడిస్తేనే నిలుస్తుంది. విరిగినవి ఎత్తి పారేసే తీరిక కూడా లేదు, వాటి మధ్యనే కూర్చుని చుడుతున్నా. ఇక నా వల్ల కాదు."

కొలువంతా బిక్కచచ్చిపోయింది. శాంభవి మాత్రం తల ఊపింది.

"ప్రభూ, మీ జబ్బూ ఇదే. మీ కడుపులో, క్లోమమనే చోట, కంటికి ఆనని కణాలున్నాయి. నెత్తురులోని తీపిని ఒంటికి అందించే పదార్థాన్ని మడిచి తయారుచేసేది అవే. మీరు పొద్దస్తమానం తింటుంటే వాటికి ఊపిరాడదు. మడతలు తప్పుతాయి, చెడిపోయినవి లోపలే పోగుపడతాయి. మొదట పని మందగిస్తుంది, తర్వాత ఆగుతుంది, ఆఖరికి కణమే చచ్చిపోతుంది. ఆ తీపంతా నెత్తురులోనే మిగిలిపోతుంది, మీ దాహమూ, కంటి మసకా అందుకే."

"మరి ఇప్పుడు చేసేదేముంది?"

"చచ్చినవి తిరిగి రావు. అలసినవి తేరుకుంటాయి. వాటికి కాస్త తీరిక ఇవ్వండి."

రాజుగారు ఆ పూటే పేరిందేవిని ఇంటికి పంపి విశ్రాంతి తీసుకోమన్నారు. మర్నాడు ఓ ముసలి రైతు బెల్లం లడ్డూలు తెచ్చాడు. రాజుగారి చెయ్యి ముందుకెళ్ళి ఆగింది.

"నీ ప్రేమ ముట్టింది తాతా. ఇవి నీ మనవలకి పెట్టు. రా, గట్టు మీద నడుస్తూ చెప్పు నీ గోడు."

తాత నొచ్చుకుంటాడేమోనని అందరూ చూశారు. ఆయన హాయిగా నవ్వి, రాజుగారితో కలిసి నడిచాడు.

అప్పట్నుంచి కొలువంతా నడకలోనే. దాహం మెల్లగా తగ్గింది. ఓ రోజు గట్టు చివర్న నిలబడ్డ కూతురి నవ్వు రాజుగారికి దూరం నుంచే కనబడింది.

కాబట్టి పిల్లలూ, మనకోసం కష్టపడేది బయటి మనిషైనా ఒంట్లోని కణమైనా, దానికి తీరిక ఇచ్చినవాడే చల్లగా ఉంటాడు.