కొర్రల మీద పిట్టలు

నాగబోధి కృష్ణ ఒడ్డున ఒక చిన్న విహారంలో పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. అక్కడ చదువు ముగించినవాళ్లు ఏరు దాటి పెద్ద విద్యాపీఠానికి వెళ్లేవారు. అతని శిష్యులు గాథల్లో అక్షరం తప్పేవారు కాదు. వాళ్ల చేతిరాత కూడా అచ్చం అతని చేతిరాతలాగే ఉండేది. నలుగురూ ఆ మాట అంటుంటే అతనికి లోపల సంతోషంగా ఉండేది.

ఒక ఏడు చలికాలంలో విద్యాపీఠం నుంచి ఆచార్యుడొకరు పిల్లల్ని పరీక్షించడానికి వచ్చాడు. గాథలేవీ అడగలేదు. పగుళ్లిచ్చిన కుండ ఒకటి ముందు పెట్టి, దీంతో ఏటి నుంచి నీళ్లు తెమ్మన్నాడు. పిల్లలు కుండ వైపు చూడలేదు. నాగబోధి వైపు చూశారు. చివరకు విధికుడనే కుర్రవాడు, మా గురువుగారు ఎలా తెమ్మంటే అలా తెస్తామన్నాడు.

వెళ్లేటప్పుడు ఆచార్యుడు నాగబోధిని పక్కకు పిలిచి, పిల్లల జ్ఞాపకశక్తి మెచ్చుకున్నాడు. వానలు వెలిశాక మళ్లీ వస్తానని, అప్పుడూ ఇలాగే ఉంటే ఈ విహారం నుంచి ఎవరినీ చేర్చుకోలేమని చెప్పాడు.

నాగబోధి ఊరుకోలేదు. కొత్తగా ఆలోచించడం ఎలాగో తానే సూత్రాలు కట్టి పిల్లలకు నేర్పాడు. వాళ్లు వాటిని పొల్లు పోకుండా అప్పజెప్పారు. కానీ ఏ చిన్న పని ఇచ్చినా మళ్లీ అతని ముఖంలోకే చూసేవారు.

ఇక దారి తోచక తన గురువు ధర్మనంది దగ్గరకు వెళ్లాడు. ఆ వృద్ధభిక్షువు పెరట్లో బట్టలకు రంగు వేయడానికి చెట్టు బెరడు ఉడికిస్తున్నాడు. నాగబోధి జరిగిందంతా చెప్పుకున్నాడు. ఈ పిల్లలకు సొంత ఊహ పుట్టుకతోనే లేదేమో అన్నాడు. గురువు పొయ్యిలో పుల్లలు ఎగదోసి, రేపు తనూ వచ్చి పాఠంలో కూర్చుంటానన్నాడు.

మర్నాడు వాకిట్లో ఆరబోసిన కొర్రల మీద పిట్టలు వాలుతున్నాయి. నాగబోధి వెదురు బద్దలు, తాటాకులు, నార తాళ్లు ఇచ్చి, మనిషి కాపలా లేకుండా పిట్టల్ని తోలే ఉపాయం చేయమన్నాడు. ధర్మనంది వచ్చి పిల్లల మధ్య కూర్చుని ఒక తాటాకు అందుకుని మడవసాగాడు.

“భంతే, ఈనె వైపు నుంచి మడిస్తే గట్టిగా ఉంటుంది,” అన్నాడు నాగబోధి.

గురువు విప్పి, ఈనె వైపు నుంచి మడిచాడు. తాడు కట్టబోయాడు. ఆ ముడి జారిపోతుందని నాగబోధి వేరే ముడి చూపించాడు. గురువు ఆ ముడే వేశాడు. వెదురు బద్ద తీసుకున్నాడు. అది మరీ పొడుగని నాగబోధి పొట్టిది అందించాడు.

గురువు అన్నీ కింద పెట్టాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని నాగబోధి ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.

“ఆపేశారేం, భంతే?”

“తర్వాత ఏం చేయాలో నువ్వు చెబుతావు కదా.”

నాగబోధి నవ్వబోయి ఆగిపోయాడు. పిల్లలందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని, అలాగే అతని ముఖంలోకి చూస్తున్నారు.

ఆ రోజు అతను ఇంకేమీ చెప్పలేదు. మర్నాడు మళ్లీ అదే పని ఇచ్చి, వెళ్లి అరుగు చివర గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపటికి వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఏదో ఫెళ్లున విరిగింది. అతను సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. పిల్లలు మొదట నిలబెట్టిన దానిమీద పిట్టలే వాలి హాయిగా ఊగాయి. ఎవరో నవ్వారు. విప్పి మళ్లీ కట్టారు. ఆ పూట కొర్రలు బాగానే పోయాయి. వంటశాల చూసే భిక్షువు గొణుగుతుంటే ధర్మనంది అతన్ని ఊరుకోమన్నాడు.

వానలు వెలిశాక ఆచార్యుడు వచ్చి విధికుణ్ణీ, మరికొందరినీ తన వెంట తీసుకుపోయాడు. అది తర్వాతి మాట.

ఆ సాయంత్రం మాత్రం, పొద్దు వాలుతుండగా విధికుడు తాటాకులు వేలాడే వంకర కర్ర ఒకటి పట్టుకుని నాగబోధి దగ్గరకు వచ్చాడు. ఇది సరిగ్గా ఉందా అని అడిగాడు.

నాగబోధికి అందులో తప్పులు చాలా కనిపించాయి. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

“పిట్టలు ఏమన్నాయి?” అని అడిగాడు.

విధికుడు కర్ర భుజాన వేసుకుని కొర్రల వైపు పరుగెత్తాడు.