ఊక మూటల మీద కుట్టుమిషను

గోదారి నడిమధ్యన ఓ లంక. ఆ లంకలో మెరక అంటూ ఉన్నది జానెడే, ఆ జానెడూ నక్క నాగభూషణం చేతిలో ఉంది. మిగతావాళ్ళవన్నీ పల్లపు కొంపలే. అందులోనూ మరీ పల్లపుది పందికొక్కు మంగాయమ్మ కలుగు. కలుగే కదా అని చులకన చెయ్యకండి. లోపల చక్కగా అలికిన నడవ, నడవలో కుట్టుమిషను! నల్లగా నిగనిగలాడే కాలిమిషను, ఒంటినిండా బంగారు రంగు పువ్వులు. లంక మొత్తానికి దర్జీ ఆవిడే. కొంగలకు లాగులు, కప్పలకు చొక్కాలు, ఆఖరికి దున్నపోతు బుల్లెబ్బాయి వీపు మీద కప్పుకునే పట్టా కూడా ఆవిడ కుట్టిందే. ఆ మిషను తిరిగితేనే ఆవిడ పొయ్యి వెలిగేది.

శ్రావణమాసం వచ్చింది. గోదారికి ఎర్రనీరు తగిలింది. ఓ పొద్దున మంగాయమ్మ బయటికొచ్చి చూస్తే పీతలు పిల్లాజెల్లాతో తాడిచెట్టు ఎక్కుతున్నాయి. 

"అమ్మో అమ్మో! పీత ఊరికే చెట్టెక్కదు, వరదొస్తోంది! నేనంటే ఈదుకుంటూ ఏ గట్టో పట్టుకుంటాను. నా మిషను ఈదుతుందా? అది తడిసి తుప్పు పట్టిందంటే నా బతుకే తుప్పు పట్టిపోతుంది దేవుడో!"

"కంగారెందుకు వదినా, నేను లేనూ?" అంటూ దిగాడు నాగభూషణం, మీసం దువ్వుకుంటూ.

"నువ్వున్నావనే మరిదీ, ఈ కంగారు. ఊరక రారు మహానుభావులు. ఏంటి సంగతి?"

"ఇంటిచుట్టూ ఇసక మూటలు పేర్చావనుకో, గోదారి కాదు కదా, గోదారి అమ్మమ్మ వచ్చినా గుమ్మం తొక్కలేదు. సంచులు నువ్వు కుట్టు, ఇసక నేను నింపుతా. నలభై మూటలు. నీకిరవై, నాకిరవై. ఎలా ఉంది?"

"మోసేదెవరు?"

"బుల్లెబ్బాయి లేడూ? నీళ్ళల్లో పడుకోవడం తప్ప వాడికి వేరే పనేముంది?"

మాట బాగానే ఉంది అనుకుంది మంగాయమ్మ. పాత ఎరువుల సంచులు పోగేసింది. అడుగున ప్లాస్టిక్ పొర పెట్టి, అంచుకి రెండేసి వరసల కుట్టు వేసి, రెండు రోజులు టకటకటక ఒకటే తొక్కుడు. పిక్కలు పట్టేశాయి. అయినా ఒక్క కుట్టు వదులు కానియ్యలేదు.

నాగభూషణం మొదటి ఇరవై సంచులూ ఇసకతోనే నింపాడు. అవి తన ఇంటికి కదా మరి! అంతటితో నాలుక బారెడు బయటికొచ్చింది. ఇసక తవ్వడమంటే కోడిని ఎత్తుకుపోయినంత సులువా? చుట్టూ చూశాడు. మూతబడిన ఇటుకల బట్టీ పక్కన వరి ఊక గుట్ట కనిపించింది. ఇంకేముంది? మిగతా ఇరవై సంచుల్లోనూ ఊక కూరి, పైపైన రెండు గుప్పిళ్ళు ఇసక చల్లి, మూతి కట్టేశాడు.

"భూషణం బాబాయ్, ఇవి పది మూటలు ఒకేసారి ఎత్తినా వీపు దురద కూడా పుట్టలేదేంటి?" అన్నాడు బుల్లెబ్బాయి.

"పొడి ఇసకరా అది. తడి ఇసకే బరువు. నీకేం తెలుసు?"

"ఓహో" అన్నాడు బుల్లెబ్బాయి. అంతే. వాడికి ఏం చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే.

మంగాయమ్మ కలుగు చుట్టూ మూటలు ముచ్చటగా పేర్చుకుంది. పేర్చుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ పందికొక్కు పళ్ళు కదా, సంచి మూల కనబడితే ఊరుకుంటాయా? జిలపుట్టి ఓ మూటని కొరికింది. నోటినిండా ఊక! తుమ్మింది, మళ్ళీ తుమ్మింది, తుమ్మీ తుమ్మీ మీసాలు వంకర తిరిగిపోయాయి.

"ఓరి నీ మొహం మండ! నీ తోక తెగ! రెండు రోజులు కాళ్ళరిగేలా కుట్టించుకుని నాకు ఊక పోస్తావట్రా నక్క వెధవా!"

"పోయి పొడిచి రానా పిన్నీ?" అన్నాడు బుల్లెబ్బాయి.

"పొడిస్తే వరద ఆగుతుందా నాయనా? నా మిషను, నా తల్లి, నిలువునా మునిగిపోతుంది!" అని నెత్తి కొట్టుకుంది. ఆ విసురులో కాలితో ఓ మూటని ఫెడీమని తన్నింది.

ఆ మూట దొర్లుకుంటూ పోయి నీళ్ళలో పడింది. మునగలేదు. బాతులా ఊగుతూ హాయిగా పోతోంది. ఎక్కడినుంచో ఓ కప్ప దూకి దాని మీద కూర్చుని "బెకబెక! పదండి పదండి!" అని సవారీ మొదలెట్టింది.

మంగాయమ్మ ఇంకో తిట్టు తిట్టబోయి కప్పని చూసింది. తర్వాత నవ్వు పుట్టింది. పొట్ట పట్టుకుని నేల మీద పడి దొర్లి నవ్వింది.

"ఒరే బుల్లెబ్బాయ్! ఆ మూట పట్టుకురా! దేవుడు నక్క రూపంలో వచ్చి నాకు తెప్ప కట్టిచ్చాడురా!"

ఇక చూడండి హడావుడి! తవ్వడం పందికొక్కుకి ఒకరు నేర్పాలా? ఘడియలో గుమ్మం మూడింతలైంది. బుల్లెబ్బాయి కొమ్ములకి తగిలించి మిషనుని బయటికి లాగాడు. మూటలన్నీ కలిపి కట్టి, పైన ఇంటి తలుపు పరిచి, దాని మీద మిషను నిలబెట్టి, తాళ్ళతో బిగించారు. తెప్పని తీసుకెళ్ళి తాడిచెట్టుకి కట్టబోయాడు బుల్లెబ్బాయి.

"అంత పొట్టిగా కట్టకురా! నీళ్ళు పెరిగేకొద్దీ తెప్ప పైకి లేవద్దూ? తాడు పొట్టిదైతే ఆ తాడే ముంచుతుంది. బారలకొద్దీ వదులు" అంది మంగాయమ్మ.

మధ్యాహ్నానికి గోదారి లంకెక్కింది. తెప్ప నెమ్మదిగా లేచింది. పైన మంగాయమ్మ, చెంగు బిగించి, టకటకటక మిషను కుడుతోంది! చెట్లమీద ఉన్న కొంగలు, పీతలు, ఉడతలు ఒకటే ఈలలు, ఒకటే కేకలు.

మరి నాగభూషణం? మెరక మీద ఇరవై నిఖార్సయిన ఇసక మూటల గోడ, మధ్యలో నులకమంచం, మంచం మీద కాలు మీద కాలు. "పాపం, వదిన కొంపలో ఇప్పుడు చేపలు కాపురం పెట్టుంటాయి" అనుకుంటూ కాలు కిందపెట్టాడు. చల్లగా తగిలింది. ఇంకో కాలు పెట్టాడు. మోకాలిదాకా తడిసింది. గోడ చూస్తే ఎక్కడా చుక్క కారడం లేదు. గోడ తప్పేం లేదు లెండి. లంక నేలంతా ఇసక కదా, నీళ్ళు గోడ దూకలేదు, అడుగునుంచి ఊట ఊరాయి. కాసేపట్లో మంచం తేలింది. ఆ తర్వాత మంచం మీద నక్కా తేలింది. ఆఖరికి గోడెక్కి, తోక ఎత్తి పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు.

"వదినా! మంగాయమ్మ వదినా! నా బంగారు వదినా! ఇటు రావే!"

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. మంగాయమ్మ బుల్లెబ్బాయి చేత తాడు విప్పించి తెప్పని అటు లాగించింది. రెండు బారల దూరంలో "ఆగరా" అంది.

"ఎక్కుదువుగాని మరిదీ. ముందో చిన్న అనుమానం. ఈ మూటల్లో ఏముంది?"

"ఏముంటుంది? ఇసకే!"

"అయ్యయ్యో, ఇసకే? అయితే ఎక్కకు నాయనా! ఇసక మూట మునుగుతుంది. తెలిసి తెలిసి నిన్ను ముంచిన పాపం నాకెందుకు? బుల్లెబ్బాయ్, వెనక్కి తిప్పు."

"ఆగాగాగు! ఎక్కాక అంతా చెబుతా!"

"ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. నీ సంగతి నాకు తెలీదూ? ఇప్పుడే చెప్పు."

"కొంచెం ఇసక... కొంచెం ఊ..."

"వినబళ్ళేదు. చెవుల్లో గోదారి హోరు."

నీళ్ళు తోకని తాకాయి.

"ఊక! ఊకే తల్లీ! ఇరవై మూటలూ ఊకే! పైన రెండు గుప్పిళ్ళే ఇసక! లంక లంకంతా వినండి, నేను ఊక పోశాను! నన్నెక్కించుకోండి!"

చెట్లన్నీ నవ్వుతో ఊగిపోయాయి. నవ్వు ఆపుకోలేక ఓ కొంగ కొమ్మమీంచి జారి నీళ్ళలో పడింది.

నాగభూషణం ఎక్కి, ఒళ్ళు విదుల్చుకుని, "ఎక్కడ కూర్చోను వదినా?" అన్నాడు.

"చోటెక్కడుంది మరిదీ? మిషను తొక్కుడు దగ్గరే ఖాళీ. కూర్చుని తొక్కు. తడిసినోళ్ళందరికీ పొడిబట్టలు కుట్టాలి."

వరద తియ్యడానికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ నక్క తొక్కింది, పందికొక్కు కుట్టింది. నాలుగోనాడు లంక మీదికి దిగాడు నాగభూషణం. దిగినా కాళ్ళు ఆగితేనా? నడుస్తున్నా టకటక, నించున్నా టకటక, పడుకున్నా టకటక. ఆ చప్పుడు వినబడగానే లంకలో కోళ్ళన్నీ అదుగో వస్తున్నాడని నింపాదిగా తప్పుకుంటున్నాయట.

నీతి: పొరుగింటికి ఊక పోసి తన ఇంటికి ఇసక పోసుకున్నవాడు, ఆఖరికి ఆ ఊకనే ప్రాణభిక్ష అడుక్కోవాలి.